ఒకే దస్తర్‌ఖాన్, ఇద్దరు ఖిలాడీలు



బక్రీద్ మూడో రోజు సంజామలలో మా ఆపా ఇంట్లో దస్తర్‌ఖాన్ చుట్టూ జరిగిన ఝగ్డా గురించి రాస్తున్నా. ఇంటి గుట్టు బజార్లో పెట్టానని మా వాళ్ళు నారాజ్ అవుతారు. కానివ్వండి. ఇది మా ఒక్క ఇంటి గుట్టే అయితే రాసేవాణ్ణి కాదు. చదివే మీ ఇంట్లోనూ మా చిచ్చాలాంటి పెద్దమనిషి ఒకరు ఉండే ఉంటారు. ఆయన ముందు నోరు మూసుకుని కూచునే నాలాంటి మామూ కూడా ఉంటాడు.

ఆపాకు ఇద్దరు పిల్లలు. భాంజా బెంగళూరులో సాఫ్ట్‌వేర్. భాంజీ కర్నూల్లో ఇంజనీరింగ్, హాస్టల్‌లో ఉంటుంది. ఇద్దరికీ ఆటల షౌక్. కానీ ఒకరి ఆట ఒకరికి గిట్టదు.

వాడిది బల్ల మీద యుద్ధం. బొటనవేలంత ప్లాస్టిక్ సిపాయిల్ని ముక్కలుగా కొనుక్కుని, జిగురుతో అతికించి, సన్న కుంచెతో ఒక్కొక్కడికీ రంగులు వేస్తాడు. ఒక ఫౌజ్ తయారు కావడానికి నెలలు పడుతుంది. అప్పుడు ఆదివారం పూట ఇంకొకడి ఫౌజుకు ఎదురుగా దాన్ని నిలబెడతాడు. సిపాయి ఎంత దూరం నడవాలో టేపుతో కొలుస్తారు. దెబ్బ తగిలిందా లేదా అన్నది పాచిక చెబుతుంది. సాయంత్రానికి ఒకడు గెలుస్తాడు, ఒకడు ఓడతాడు, ఇద్దరూ డబ్బాలు సర్దుకుంటారు.

ఆ పిల్లది కిర్దార్ల ఆట. రోల్‌ప్లేయింగ్ అంటారు. హాస్టల్ గదిలో నలుగురైదుగురు అమ్మాయిలు, తలా ఒక నోట్‌బుక్కు, పెన్సిలు, పాచికలు. ఒకమ్మాయి కథ నడిపిస్తుంది. మిగతావాళ్ళు తలా ఒక మనిషి అవుతారు. ఒకతె హకీమ్, ఒకతె సిపాయి, ఒకతె దొంగ. ‘నువ్వు గుహలో ఉన్నావు. దివిటీ ఆరిపోయింది. వెనక అడుగుల చప్పుడు. ఏం చేస్తావు?’ అని కథ చెప్పేది అడుగుతుంది. నోటికొచ్చింది చెప్పాలి. కుదిరిందో లేదో పాచిక తేలుస్తుంది. గుహ అంటే మా భాంజీకి బెలుం గుహలే. కొలిమిగుండ్ల అవతలే కదా, చిన్నప్పుడు మేమే తీసుకుపోయాం. మూడు కిలోమీటర్లకు పైగా సాగే ఆ చీకటి సందులన్నీ ఇప్పుడు ఆ అమ్మాయిల కథలోకి వచ్చేశాయట.

ఇక వీళ్ళిద్దరి మాటలు వినండి. వాడు అంటాడు: ‘దాని ఆటలో గెలిచేదెవరు మామూ? ఎవరూ గెలవనిది ఆటెట్ల అయితది?’ అది అంటుంది: ‘వీడి ఆటలో రోజుకు వందమంది చస్తారు మామూ. ఒక్కడికీ పేరుండదు.’

ఈ రెండు మాటల్లోనే నా ఈ వ్యాసమంతా ఉంది. కానీ ఆ రోజు నాకు తట్టలేదు.

ఆ రోజు చిచ్చా ఇచ్చిన ఫైసలా ఇదీ: ‘ఒకడు బొమ్మలకు రంగులేస్తాడు, బుత్తులు కొలిచేవాడిలా. ఒకతె భూతాల కథలు చెప్పుకుంటుంది, పగటివేషాల వాళ్ళలా. ఆడితే శతరంజ్ ఆడండి. అఖల్ పెరుగుతుంది. మర్దులైతే తలతో ఆడతారు. వేషాలు వేసేది పనిలేనోళ్ళు.’ ఆ మాటకు ఊపు వచ్చి మా ఆపా లేచి, కూతురి సంచిలోంచి నోట్‌బుక్కు తీసి పొయ్యిలో పెట్టింది. రెండేళ్ళ కథ అది. పిల్ల ఏడవలేదు. లేచి వెళ్ళి చేతులు కడుక్కుంది. నేను బిర్యానీ తింటూ ఖామోష్‌గా ఉన్నా. నా గునా అది. దానికి కఫ్ఫారా అనుకోండి ఈ రాత.

చిచ్చా మాటల్లో మూడు దావాలు ఉన్నాయి. మొదటిది, యుద్ధపు ఆట తెలివైనోళ్ళది, వేషాల ఆట తెలివిలేనోళ్ళది. రెండోది, ఒకటి మగవాళ్ళది, ఒకటి ఆడవాళ్ళది. మూడోది, శతరంజ్ దీన్‌కు దగ్గర, మిగతావి దూరం. మూడూ గలతే. ఒక్కొక్కటే చూద్దాం.

మొదట అఖల్ సంగతి. ఈ రెండు ఆటల పుట్టుక తెలిస్తే ఈ దావా నిలవదు. చదరంగం మన దేశంలో పుట్టి, ఈరాన్ పోయి, అరబ్బుల చేతుల్లో శతరంజ్‌గా పెరిగి, యూరప్ చేరింది. 1780లో జర్మనీలో హెల్విగ్ అనే మాస్టారు చదరంగం బల్లను పెద్దది చేసి, గళ్ళకు కొండలు, నదుల రంగులు వేసి, యుద్ధపు ఆటగా మార్చాడు. 1824లో ప్రష్యా ఫౌజులో రైస్‌విట్స్ అనే అఫ్సర్ గళ్ళే తీసేసి, అసలు నక్షా మీద ఆడే ఆట తెచ్చాడు. క్రీగ్‌ష్పీల్ దాని పేరు. యుద్ధపు ఆట అనే అర్థం. అందులో ఇద్దరు కమాండర్లతో పాటు మూడో మనిషి ఒకడుంటాడు, అంపైర్. ఎవరికి ఏం కనబడుతుందో, ఎవరి హుకుం ఎప్పుడు చేరుతుందో చెప్పేది ఆయనే.

ఇప్పుడు 1969కి, అమెరికాలోని మినెసోటాకు రండి. డేవిడ్ వెస్లీ అనే కుర్రాడు తన దోస్తులకు నెపోలియన్ కాలపు యుద్ధం ఆడించబోయాడు. ఆట మొదలవకముందే ఒక చిలిపి పని చేశాడు. ఒకణ్ణి ఊరికి మేయర్ని చేశాడు, ఒకణ్ణి బ్యాంకర్ని, ఒకణ్ణి యూనివర్సిటీ ఛాన్సలర్ని. ఫౌజులు బల్ల మీద తలపడకముందే వీళ్ళు ఒకరి చెవిలో ఒకరు గుసగుసలు మొదలుపెట్టారు. యుద్ధం అటకెక్కింది. ఆట చెడిపోయిందని వెస్లీ దిగులుపడితే, దోస్తులు మళ్ళీ ఎప్పుడు ఆడదామని వెంటపడ్డారు. వాళ్ళలో ఒకడు డేవ్ ఆర్నెసన్. ఇతను గ్యారీ గైగాక్స్ అనే మరో యుద్ధపు ఆటగాడితో కలిసి 1974లో తెచ్చిందే డంజన్స్ అండ్ డ్రాగన్స్. కిర్దార్ల ఆటలన్నిటికీ తల్లి అదే. మొదటి పెట్టె మీద కూడా అది యుద్ధపు ఆటే అని వేసుకున్నారు. వాళ్ళకే ఇంకా తెలీదు, కొత్తది పుట్టిందని. ప్రష్యా ఫౌజులోని ఆ అంపైరే ఇక్కడ కథ చెప్పేవాడయ్యాడు.

ఇంకోటి వినండి. మా భాంజా సిపాయిల్ని తయారుచేసే ఇంగ్లండు కంపెనీ గేమ్స్ వర్క్‌షాప్, 1975లో మొదలైనప్పుడు డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను యూరప్‌లో అమ్మి నిలదొక్కుకుంది. వాళ్ళ సొంత యుద్ధపు ఆట వార్‌హ్యామర్ 1983లో గానీ రాలేదు. అంటే ఈ రెండు ఆటలూ ఒకే అమ్మ పిల్లలు, మా ఆపా పిల్లల్లాగే. ఒకటి అఖల్‌మంద్, ఒకటి పాగల్ అంటే ఎట్లా చిచ్చా?

రెండో దావా, మగ-ఆడ. ఇది చిచ్చా ఒక్కడిదే కాదు, చదువుకున్నోళ్ళు కూడా అంటుంటారు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 15 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది, 2002లో. అప్పటికి ప్రపంచంలో ఏ ఆడపిల్లా అంత చిన్న వయసులో కాలేదు. యుద్ధపు ఆట మర్దులదే అయితే ఆమెకు జవాబ్ చెప్పండి. ఇక వేషాలు ఆడవాళ్ళవి అంటారా? మన పీర్ల పండక్కి ఒళ్ళంతా పసుపు, నలుపు చారలు పూసుకుని, తోక కట్టుకుని, తప్పెట మోతకు ఎగిరిన పులులన్నీ ఎవరు? మన నానాలు, మామూలు, పక్కింటి రెడ్డిగారి పాలేర్లు. ఆ పులుల్లో ఒక్క ఆడపులిని చూశారా మీరు?

పీర్ల పండగ పేరెత్తగానే కొందరికి కోపం వస్తుంది. తెలుసు. ఇమామ్ హుసేన్ షహాదత్ రోజుల్లో తమాషాలేమిటనే బహస్ పాతది, అందులో వజన్ కూడా ఉంది. ఆ బహస్ ఇక్కడ తేల్చబోవడం లేదు. నేను చెప్పేది ఒక్కటే. కిర్దార్ల ఆట అమెరికా నుంచి ఊడిపడ్డ ఆఫత్ అనుకోకండి. ఏలూరు వైపు పుట్టిన జాఫర్ షరీఫ్ రాయగా, హెర్క్‌లాట్స్ అనే మద్రాసు డాక్టరు ఇంగ్లీషులోకి మార్చి 1832లో లండన్‌లో అచ్చేయించిన ‘ఖానూనె ఇస్లాం’ అనే కితాబు ఉంది. దక్కన్ ముసల్మానుల పుట్టుక నుంచి చావు దాకా అన్ని రస్మ్‌లూ అందులో ఉన్నాయి. ముహర్రం వేషాలు ఎన్ని రకాలో అందులో వరసపెట్టి రాశాడాయన. మజ్నూ, లైలా, పులి, ముసలాడు-ముసలమ్మ, హకీమ్, మొఘల్, వడ్డీలు తినేవాడు, హాజీ అహ్మఖ్, హాజీ బేవఖూఫ్. ఎవడు ఏ గుడ్డలు వేసుకోవాలి, ఏం మాట్లాడాలి అన్నదీ ఉంటుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ రావడానికి 142 ఏళ్ళ ముందే మన ఏలూరాయన కిర్దార్ల జాబితా రాసి పెట్టాడు. వీటిని చూసి నవ్వేముందు ఇది మన ఇంటి సొమ్మని గుర్తుపెట్టుకోండి.

మూడో దావా, దీన్. ఇక్కడ నేను ఆలిమ్‌ని కాను, హద్దులో ఉంటా. కానీ చిచ్చా మెచ్చుకున్న శతరంజ్ మీదే మన ఫుఖహా మధ్య వెయ్యేళ్ళకు పైగా ఇఖ్తిలాఫ్ ఉంది. హనఫీలు చాలామంది మక్రూహ్ అన్నారు. ఇమామ్ షాఫయీ జూదం లేకుండా, నమాజు పోగొట్టుకోకుండా ఆడితే కొంత నర్మీ చూపారు. ఈరాన్‌లో ఇంఖిలాబ్ తర్వాత దాన్ని బంద్ చేసి, 1988లో ఖొమేనీగారే మళ్ళీ ఇజాజత్ ఇచ్చారు. సౌదీ ముఫ్తీ-ఎ-ఆజమ్ శతరంజ్‌కు వ్యతిరేకంగా మాట్లాడిన వార్త 2016లో వచ్చింది. 2017 చివర్లో అదే రియాద్‌లో ప్రపంచ పోటీలు జరిగాయి. ఇంత బహస్ ఉన్న ఆటను సర్టిఫికెట్‌లా చేతికిచ్చి, మిగతావాటిని పొయ్యిలో పెట్టే హక్కు మనకు ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఈ భయం మన ఒక్కరిదే అనుకోకండి. 1980లలో అమెరికాలో క్రైస్తవ తల్లిదండ్రులు కొందరు డంజన్స్ అండ్ డ్రాగన్స్ షైతాన్ ఆట అని, పిల్లలు పాడైపోతారని జమాత్‌లు కట్టి మరీ పోరాడారు. ఆ పిల్లలు పెరిగి పెద్దయ్యారు. టీచర్లయ్యారు, ఇంజనీర్లయ్యారు, ఇప్పుడు తమ పిల్లలకు ఆ ఆటే నేర్పుతున్నారు.

మరి అసలు ఫరక్ ఏమిటి? ఒకే ఇంట్లో, ఒకే అమ్మ చేతి అన్నం తిన్న ఇద్దరిలో ఒకరు అటు, ఒకరు ఇటు ఎందుకు పోతారు?

దీనికి జవాబ్ నాకు మా నానా ఇంటి ముందర నాపరాతి బండ మీద దొరికింది. మా వైపు నాపరాయికి కొదవ లేదు. గడప, అరుగు, గోడ, కప్పు, అన్నీ అదే. ఆ అరుగు బండ మీద మేకుతో గీసిన పులి-మేక గీతలు ఇప్పటికీ ఉన్నాయి. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీది నుంచి దూకితే మేక పోతుంది. మేకలన్నీ కలిసి పులిని కదలకుండా కడితే పులి ఓడుతుంది. పులులకు చింతగింజలు, మేకలకు గులకరాళ్ళు. మా నానా అసర్ తర్వాత ఆ అరుగు మీద కూచుంటే మగ్రిబ్ దాకా లేచేవాడు కాదు. ఎప్పుడూ మేకలే తీసుకునేవాడు. మాట తక్కువ. ఎదుటివాడు చెయ్యి తప్పు పెడితే బండ మీద గీత వైపు వేలు చూపించేవాడు, అంతే.

ఆయన తమ్ముడు, మా చిన్న నానా, పులి వేషం వేసేవాడు. మిషన్ కుట్టేవాడు. ఏడాదంతా ఊళ్ళో అందరి కొలతలూ తీసుకుంటూ, అందరికీ ‘అట్లనే సాబ్, అట్లనే రెడ్డీ’ అంటూ వంగి బతికిన మనిషి. ఆ వేషం వేసిన రోజు ఎవరి వాకిట్లోకైనా పోయేవాడు. గర్జిస్తే పెద్దరెడ్డి కూడా నవ్వుతూ రెండడుగులు వెనక్కి వేసేవాడు. ‘ఆ రెండడుగుల కోసమే రా’ అని ఒకసారి నాతో అన్నాడు. ఆయన అరుగు మీద కూచుని పులి-మేక ఆడగా నేను చూడలేదు. నానా వేషం వేయగా ఊహించను కూడా లేను.

ఒకరు ఆటను పైనుంచి చూస్తారు. బల్లంతా కనబడాలి. ఎక్కడ ఏముందో, ఏది ఎన్ని అంగలు వేయగలదో తెలియాలి. రూల్ ముందే రాసి ఉండాలి, అది ఇద్దరికీ ఒకటే కావాలి. గొడవ వస్తే మనిషిని అడగరు, కొలబద్దను అడుగుతారు. అందులో ప్యాదా చస్తే నొప్పి ఉండదు, ఎందుకంటే తాను ప్యాదా కాదు. ఓడినా ‘నా ఎత్తు తప్పింది’ అంటారు. ఆట ముగిసిపోవాలి, ఫైసలా రావాలి. సగం ఆట ఒంటరిగానే జరుగుతుంది, కుంచె పట్టుకునో, మనసులో ఎత్తులు వేసుకుంటూనో.

ఇంకొకరు లోపలికి దూరతారు. బల్లంతా కనబడితే వాళ్ళకు మజా లేదు. చీకట్లో ఒక్క మనిషి కళ్ళతోనే చూడాలి. ఆ మనిషికి పేరుండాలి, భయం ఉండాలి, రహస్యం ఉండాలి. రూల్ కొంతే ఉంటుంది, మిగతాది కథ నడిపే మనిషి మీద నమ్మకం. అందుకే అది ఒంటరిగా కుదరదు. వినేవాళ్ళు ఉండాలి. గెలుపుతో పని లేదు, రేపు కూడా కథ సాగితే చాలు.

ఖర్చు కూడా కొంత తేలుస్తుంది, కాదనను. రంగు సిపాయిలు జీతం వచ్చేవాడికే అందుతారు, నోట్‌బుక్కు హాస్టల్ పిల్లకు కూడా అందుతుంది. కానీ డబ్బే కారణమైతే గులకరాళ్ళతో ఆడిన మా నానా, అదే ఇంట్లో, అదే పేదరికంలో ఉన్న తమ్ముడు వేరువేరు ఆటలకు పోయుండరు. మనిషికి దేని లోటు ఉందో ఆ ఆటకు పోతాడు. నాకు అర్థమైంది ఇదే.

ఇది తెలిశాక పిల్లలిద్దరినీ విడివిడిగా కూచోబెట్టి అడిగా. బక్రీద్‌నాడే అడగాల్సింది, ఆలస్యంగా అడిగా.

భాంజా చెప్పాడు. బెంగళూరులో గది కోసం తిరిగినప్పుడు ఫోన్‌లో అంతా బాగానే మాట్లాడేవాళ్ళట. పేరు చెప్పగానే ‘ఇప్పుడే ఇంకొకరికి ఇచ్చేశాం’ అనేవాళ్ళట. ఒకరు కాదు, ఇద్దరు కాదు. ఏ రూల్ ప్రకారం ఓడిపోయాడో వాడికి ఎవరూ చెప్పలేదు. ‘ఆ బల్ల దగ్గర అట్ల ఉండదు మామూ. నా సిపాయి ఆరంగుళాలు నడవాలంటే ఆరంగుళాలే. టేపుకు నా పేరు తెలీదు’ అన్నాడు. అదీ వాడి యుద్ధం. మనం బొమ్మలనుకున్నాం. వాడికి కావాల్సింది ఇన్సాఫ్. వారానికి ఒక్క పూటైనా, ఇద్దరికీ ఒకే కొలత ఉండే చోటు.

భాంజీ చెప్పింది. కాలేజీ ఫంక్షన్‌లో స్కిట్ వేస్తే, ముస్లిం పాత్ర ఉంటే తనని పిలుస్తారట, లేకపోతే పిలవరట. ఆ పాత్ర కూడా ఏముంటుంది? బాంబు పెట్టినవాడి చెల్లెలు, లేదంటే తలాఖ్ అయిన బేచారీ. ‘హాస్టల్లో మొదటి రోజు ఆటకు కూచుంటే, నువ్వు ఎవరవుతావని అడిగారు మామూ. నన్ను అట్ల ఎవరూ ఎప్పుడూ అడగలే’ అంది. అది దొంగ అయింది. తాళాలు తీస్తుంది, గోడలు ఎక్కుతుంది, ఎంత వేసినా నిండని ఒక సంచి ఉంటుంది దాని దగ్గర.

ఆ సంచి మాట వినగానే నాకు ఉర్దూ మీడియం స్కూలు గుర్తొచ్చింది. అమీర్ హమ్జా దాస్తాన్‌లో అమర్ అయ్యార్ ఉంటాడు కదా, వాడి జంబీల్! దునియా మొత్తం పట్టే సంచి. చిన్నప్పుడు మేం దాని కోసం కొట్టుకునేవాళ్ళం. అక్బర్ పాదుషా దగ్గర నిజం ఫౌజులు, నిజం ఏనుగులు ఉండేవి. ఆయన కూడా ఆ దాస్తాన్ మీద మోజుతో సుమారు 1400 బొమ్మలు గీయించాడు, దానికి పదిహేనేళ్ళు పట్టింది. మా భాంజీకి జంబీల్ గురించి ఎవరూ చెప్పలేదు. తనంతట తనే అక్కడికి చేరింది. వారసత్వాన్ని మనం ఇవ్వకపోతే పిల్లలు ఇంకో దారిలో తెచ్చుకుంటారు. తెచ్చుకుంటే మనం పొయ్యిలో పెట్టాం.

నా సంగతీ చెప్పాలి, ఇన్సాఫ్ అంటే అదే కదా. తెలుగులో డిగ్రీ చేసి పత్రికలో చేరా. ప్రబంధాల మీద రాయాలని ఆశ. ప్రతి రంజాన్‌కూ హలీం మీద ఐటెం నాకే వచ్చేది. ఇరవై ఏళ్ళుగా నేను వేసిన వేషం అది, వేరేవాళ్ళు కుట్టింది. నువ్వు ఎవరవుతావని నన్ను కూడా ఎవరూ అడగలేదు. ఆ పిల్ల నోట్‌బుక్కు కాలుతుంటే నా నోట్లోంచి మాట ఎందుకు రాలేదో ఇప్పుడు తెలుస్తోంది. కొంచెం జలన్ ఉన్నట్టుంది.

ముసల్మాన్ పిల్లలకు ఈ దేశంలో రెండూ కరువే. ఇద్దరికీ ఒకటే అయిన కొలబద్ద ఒకటి. తన కిర్దార్ తనే ఎంచుకునే హక్కు ఒకటి. ఒకడికి ఒకటి ఎక్కువ గుచ్చుకుంటుంది, ఇంకొకరికి ఇంకొకటి. వాళ్ళ ఆటలు వేరు కావడానికి సబబ్ ఇదే. వీళ్ళను తెలివి, తెలివితక్కువ అని, మర్ద్, ఔరత్ అని, దీన్‌దార్, బేదీన్ అని రెండు వరసల్లో నిలబెట్టే పెద్దలు బయటివాళ్ళ పనినే ఇంట్లో చేస్తున్నారు. బయట పేరు చూసి తలుపు వేస్తున్నారు. ఇంట్లో షౌక్ చూసి వేస్తున్నాం.

దలీల్ కావాలనేవాళ్ళకు రెండు సంగతులు గుర్తుచేస్తా. మీరు జుమా బయాన్‌లో విన్నవే. సునన్ అబూ దావూద్‌లో ఉంది. హజ్రత్ ఆయిషా (రజి.) దగ్గర ఆటబొమ్మలు ఉండేవి, వాటిలో రెక్కల గుర్రం ఒకటి. గుర్రానికి రెక్కలేమిటని రసూలుల్లాహ్ (సల్లల్లాహు అలైహి వసల్లం) అడిగితే, సులేమాన్ (అలైహిస్సలాం) గుర్రాలకు రెక్కలుండేవని వినలేదా అని ఆమె జవాబిచ్చారు. ఆయన హాయిగా నవ్వారు. రెండోది సహీహ్ బుఖారీలో. హబషీలు మస్జిదె నబవీలో బల్లేలతో యుద్ధపు ఆట ఆడుతుంటే హజ్రత్ ఉమర్ (రజి.) అడ్డుపడబోయారు. వాళ్ళను ఆడనివ్వమని ఆయనకు చెప్పడం జరిగింది. మన ఆయిషా అమ్మ ఆ ఆటను తనివితీరా చూశారు కూడా. బొమ్మల మీద ఆలిములు చెప్పే షరతులు ఉన్నాయి, అవి వాళ్ళనే అడుగుదాం. నమాజు చేసే గదిలో సిపాయిలు వద్దంటే అల్మారాలో పెట్టిద్దాం. కానీ ఒకే ఘరానాలో రెక్కల గుర్రానికీ చోటు ఉంది, బల్లేలకూ చోటు ఉంది. ఒకదానికి నవ్వు దొరికింది, ఒకదానికి ఇజాజత్ దొరికింది. పొయ్యి మాట ఎక్కడా లేదు.

అందుకని పెద్దలకు నా గుజారిష్ ఇదీ. నమాజు పోతోందా, చదువు పోతోందా, జూదం ఉందా, అప్పులవుతున్నాయా, నిలదీయండి. అది మన ఫర్జ్. అవేవీ లేనప్పుడు తిట్టేముందు ఒక పూట పక్కన కూచోండి. యుద్ధం ఆడేవాణ్ణి, ‘నీకు ఎక్కడ అన్యాయం జరిగింది బేటా?’ అని అడగండి. వేషం ఆడేదాన్ని, ‘నువ్వు ఎవరు కావాలనుకుంటున్నావు బేటీ?’ అని అడగండి. జవాబ్ వినే దమ్ము మనకుండాలి, అంతే.

మా ఆపా ఈ మధ్య కర్నూలు పోయినప్పుడు కూతురికి కొత్త నోట్‌బుక్కు కొనిచ్చిందట. మాఫీ అడగలేదు, మా ఇంట్లో ఆ అలవాటు లేదు. రెండు వందల పేజీలది కొనిచ్చింది. పిల్ల పాత కథను జ్ఞాపకం ఉన్నంత మేర తిరిగి రాస్తోంది. నన్ను కూడా ఆటకు రమ్మంది. ‘మీరు ఎవరవుతారు మామూ?’ అని అడిగింది. వారమైంది, ఇంకా ఆలోచిస్తున్నా.

వచ్చే ఈద్‌కు సంజామలలో నానా అరుగు కడిగించి పెడతాం. చిచ్చాకు దావత్ ఇస్తున్నా, ఇక్కడి నుంచే. శతరంజ్ కాదు, పులి-మేక. మేకలు ఆయనకే.

ఖుదా హాఫిజ్.